విశాల భూమి, విరళ జనం: లడఖ్‌లో ప్రభుత్వ వ్యయం

ప్రభుత్వం వెచ్చించే ప్రతి రూపాయికి ఫలితమెంత అని అడగడం ప్రజాస్వామ్యంలో పౌరుని హక్కు. సాధారణంగా ఈ ప్రశ్నకు సమాధానం తలసరి లెక్కలో వెదుకుతాము. మొత్తం వ్యయాన్ని జనాభాతో భాగించి, ఒక ప్రాంతానికి ఎక్కువ దక్కినదనీ, మరొక ప్రాంతానికి తక్కువ దక్కినదనీ తీర్పు చెబుతాము. జనసమ్మర్దం గల మైదానాలలో ఈ కొలబద్ద కొంతవరకు పనికి వస్తుంది. కాని జనం పలుచగా, దూరదూరంగా నివసించే సీమలలో ఇదే కొలబద్ద మనల్ని దారి తప్పిస్తుంది. ఈ విషయాన్ని లడఖ్ ఉదాహరణతో పరిశీలించదలచినాము.

లడఖ్ 2019 అక్టోబరు 31న ప్రత్యేక కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడినది. మన పరిపాలనలో ఉన్న దాని వైశాల్యం సుమారు 59,146 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అచ్చట నివసించేవారు 2,74,289 మంది. అనగా చదరపు కిలోమీటరుకు ఐదుగురైనా లేరు. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 308. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏడాది మొత్తానికి అచ్చట కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. కార్గిల్‌లో ముస్లింలు, లేహ్‌లో బౌద్ధులు అధిక సంఖ్యలో ఉన్నారు.

2022-23 కేంద్ర బడ్జెట్‌లో లడఖ్‌కు 5,958 కోట్ల రూపాయలు కేటాయించారు. 2011 నాటి జనాభాతో భాగిస్తే తలకు రెండు లక్షల రూపాయలకు పైగా వస్తుంది. ఈ అంకె చూచినవారికి ఇది మితిమీరిన ఔదార్యంగా తోచవచ్చును. కాని దీని వెనుక మూడు కారణాలు కలవు. మొదటిది, రహదారి ఖర్చు దానిపై నడిచే మనుషుల సంఖ్యను బట్టి కాక, దాని పొడవును బట్టి, అది దాటవలసిన కొండలను బట్టి ఉంటుంది. రెండవది, చలికాలంలో నేల గడ్డకట్టి నిర్మాణపు పనులు నిలిచిపోతాయి. ఏడాది పనిని వేసవి నెలలలోనే ముగించవలెను. మూడవది, ఏ సేవకైనా ఒక కనీస పరిమాణం ఉంటుంది. పదిమంది పిల్లలున్న బడికైనా ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, చలి కాచుకొనుటకు ఒక పొయ్యి ఉండక తప్పదు. పదిమందికి బదులు నలభైమంది ఉన్నంత మాత్రాన ఈ ఖర్చు నాలుగింతలు కాదు. కావున జనం తగ్గినకొద్దీ తలసరి వ్యయం పెరగడం సహజం. దానిని దుబారా అనుటకు వీలులేదు.

రహదారి విషయమే చూతము. శ్రీనగర్ నుండి లేహ్‌కు పోవు మార్గం 400 కిలోమీటర్లకు పైబడినది. అది సుమారు 3,500 మీటర్ల ఎత్తున జోజిలా కనుమను దాటవలెను. పూర్వం మంచు వలన ఈ కనుమ ఏటా నెలల తరబడి మూతపడేది. ఇటీవలి సంవత్సరాలలో యంత్రాలతో మంచును తొలగించి ఆ కాలాన్ని కొన్ని వారాలకు తగ్గించగలిగినారు. కనుమ మూసుకొనకముందే ధాన్యం, ఇంధనం, మందులు నిలువ చేసుకొనవలసి ఉంటుంది. ఈ అవస్థను తొలగించుటకు జోజిలా క్రింద 13 కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగాన్ని తలపెట్టినారు. 2020లో ఆ పనిని చేపట్టినది హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ కావడం మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. అదే మార్గంలో 6.5 కిలోమీటర్ల సోనామార్గ్ సొరంగం 2025 జనవరి 13న ప్రారంభమైనది. ఈ దారి సరిహద్దులలోని సైన్యానికి కూడ ప్రాణాధారం. దేశమంతటి రక్షణకు పనికివచ్చే దారి వ్యయాన్ని కొద్దిమంది స్థానికుల ఖాతాలో వ్రాయడం న్యాయం కాదు.

విద్యుత్తు కథ కూడ ఇట్టిదే. 2014లో నిమ్మూ-బాజ్గో వద్ద 45 మెగావాట్ల, చుటక్ వద్ద 44 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలు జాతికి అంకితమైనాయి. వేసవిలో నదులు నిండుగా పారునప్పుడు ఉత్పత్తి స్థానిక అవసరాలను మించినది. మిగులును బయటకు పంపుటకు తీగ లేదు. చలికాలంలో నీరు తగ్గి ఉత్పత్తి పడిపోయినప్పుడు బయటి నుండి తెచ్చుకొనుటకూ తీగ లేదు. 2019 ఫిబ్రవరిలో శ్రీనగర్-లేహ్ విద్యుత్ మార్గం ప్రారంభమైన తరువాతనే లడఖ్ జాతీయ విద్యుత్ వ్యవస్థతో కలిసినది. దాని పొడవు 335 కిలోమీటర్లు, వ్యయం సుమారు 2,266 కోట్లు.

అయితే పెద్ద నిర్మాణాలతోనే అభివృద్ధి పూర్తి కాదు. లడఖ్ రైతుకు ఏప్రిల్, మే నెలలలో విత్తుటకు నీరు కావలెను. ఎత్తైన హిమానీనదాలు కరిగి నీరు దిగివచ్చేది జూన్‌లో. చలికాలంలో వాగు నీరు ఎవరికీ పనికిరాక పోతుంది. గ్రామీణాభివృద్ధి శాఖలో పనిచేసిన ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ ఈ వృథా నీటిని నీడపట్టు కొండవాలుకు మళ్ళించి, చిన్న రాతి గోడలతో వేగం తగ్గించి, పలుచని పొరలుగా గడ్డకట్టునట్లు చేసినారు. ఈ మంచు ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తున ఉన్నందున విత్తనాల వేళకే కరుగుతుంది. ఆయనకు 2015లో పద్మశ్రీ లభించినది. 2013-14 చలికాలంలో సోనమ్ వాంగ్‌చుక్ బృందం నీటిని గొట్టం ద్వారా పైకి చిమ్మి, స్తూపాకారపు మంచు గుట్టను నిర్మించినది. ఆ ఆకారంలో ఘనపరిమాణానికి తగినంత ఉపరితలం ఎండకు తగలదు కనుక మంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ పనులకు రాయి, గొట్టం, గ్రామస్థుల శ్రమ ప్రధానం. గ్రామాలలో వంతులవారీగా నీరు పంచే చుర్పోన్ అనే పెద్ద, నీరు నిలువచేసే జింగ్ అనే చెరువు పూర్వం నుండీ ఉన్నందువలననే ఇట్టి ఏర్పాట్లు ఊరివారి చేతిలో నిలబడగలవు.

విద్యారంగం మరొక పాఠం చెబుతుంది. ఒకప్పుడు లడఖ్ ప్రభుత్వ బడులలో చిన్న తరగతులు ఉర్దూలో సాగి, తొమ్మిదవ తరగతి నుండి ఆంగ్లంలోకి మారేవి. ఇంటిలో మాట్లాడేది లడఖీ. ఈ మూడు భాషల నడుమ చిక్కుకొని ఎందరో పిల్లలు మెట్రిక్యులేషన్‌లో తప్పేవారు. గోడలు కట్టి, జీతాలు చెల్లించినా ఫలితం రాలేదు. 1994లో ప్రారంభమైన విద్యా సంస్కరణ ఉద్యమం గ్రామ విద్యా సంఘాలను ఏర్పరచి, తల్లిదండ్రులకు బడిపై బాధ్యత అప్పగించినది. ఉర్దూ, తెలుగు, ఆంగ్లం నడుమ చదువుకొను మన విద్యార్థులకు ఈ సమస్య వేరుగా వివరించనక్కరలేదు.

ఇక నిర్ణయాధికారం ఎవరిది? లేహ్‌కు 1995లో, కార్గిల్‌కు 2003లో స్వయంపాలక పర్వతాభివృద్ధి మండళ్ళు ఏర్పడినవి. ఒక్కొక్క దానిలో 30 మంది సభ్యులు, వారిలో 26 మంది ఎన్నికైనవారు. 2019 తరువాత లడఖ్‌కు శాసనసభ లేదు. అందువలన నిధులు పెరిగినా, వాటిపై తమ మాట చెల్లుబాటు కావడం లేదన్న అసంతృప్తి ప్రబలినది. బౌద్ధులూ ముస్లింలూ కలిసి రాష్ట్ర ప్రతిపత్తిని, ఆరవ షెడ్యూలు రక్షణను కోరినారు. 2025 జూన్‌లో ఉద్యోగాల రిజర్వేషన్లపై, ఉర్దూతో సహా ఐదు అధికార భాషలపై నిబంధనలు వెలువడినవి. అయినను అదే సంవత్సరం సెప్టెంబరు 24న లేహ్‌లో ఆందోళన హింసాత్మకమై నలుగురు ప్రాణాలు కోల్పోయినారు. కేటాయించిన కోట్లు ఎన్ని అన్న ప్రశ్నకు తోడు, వాటిని ఎవరు నిర్ణయించినారు అన్న ప్రశ్న కూడ ప్రజలకు ప్రాణప్రదమని ఈ విషాదం తెలుపుచున్నది.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. మన ఏజెన్సీ కొండలలో రోగిని డోలీలో మోసుకొనిపోవు పల్లెలు నేటికీ కలవు. అచ్చటికి దారి వేయుటకు తలసరి లెక్క అడ్డు వచ్చిన ప్రతిసారీ మనం మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: ఈ వ్యయం దూరానికా, మనిషికా? ఏడాది పొడవునా పనికి వచ్చునా? దానిని అనుభవించువారు నిర్ణయంలో పాలుపంచుకొనినారా? రేపు ఉద్యోగులుగా, ప్రజాప్రతినిధులుగా బడ్జెట్ పత్రాలు చేతపట్టబోవు మన విద్యార్థి మిత్రులు ఈ ప్రశ్నలు మరువకుందురు గాక.