పొద్దుతిరుగుడు తాలుకు, తేనెటీగకు లంకె

పొద్దుతిరుగుడు గింజలు యార్డుకు వచ్చినపుడు వ్యాపారి ముందుగా చూసేవి తేమ, తాలు. తాలు ఎక్కువైతే తూకం తగ్గుతుంది, నూనె తగ్గుతుంది, ధర కూడా తగ్గుతుంది. బెట్ట, బోరాన్ లోపం వంటివి తాలుకు కొంత కారణమైనా, పూత సమయంలో తేనెటీగలు చాలినన్ని రాకపోవడం ముఖ్య కారణాలలో ఒకటి.

మనం ఒక పువ్వుగా చూసేది నిజానికి వందలాది చిన్న పూల సముదాయం. ఇవి అంచు నుంచి నడిమికి వారం, పది రోజులపాటు వరుసగా విచ్చుకుంటాయి. ప్రతి చిన్న పువ్వులో ముందు పుప్పొడి బయటపడి, తర్వాతనే కీలాగ్రం తెరచుకుంటుంది. జిగురుగా వుండే ఈ పుప్పొడి గాలికి అంతగా ఎగరదు. దానిని మొక్క నుంచి మొక్కకు చేర్చేది ప్రధానంగా తేనెటీగలే.

అంత చిన్న రెక్కలతో తేనెటీగ ఎలా ఎగురుతున్నదన్నది చాలాకాలం చిక్కు ప్రశ్నగానే వున్నది. విమానం రెక్కల లెక్క ప్రకారం కీటకాలు ఎగరడం అసాధ్యమని 1934లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాన్యాన్ రాశారు. అయితే తేనెటీగ రెక్క విమానం రెక్కలా నిలకడగా వుండదు. 2005లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు అతి వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో పరిశీలించగా, రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు ముందుకూ వెనక్కూ ఆడుతున్నట్టు, ప్రతి ఊపు చివర తిరగబడుతున్నట్టు తేలింది. రెక్క అంచున ఏర్పడే గాలిసుడి ఈగను పైకి లేపుతుంది. ఎక్కువ బలం కావలసినపుడు అది ఊపుల సంఖ్య పెంచదు, ఊపు వెడల్పు పెంచుతుంది.

ఈ శ్రమకు ఇంధనం మకరందంలోని చక్కెరే. వానలోనూ, చలిలోనూ ఈగలు సరిగా తిరగవు. పూత మీద పురుగు మందు చల్లితే చచ్చిపోతాయి. అందువల్ల పూతలో మందు కొట్టక తప్పనిచో, ఈగలు గూటికి చేరిన తర్వాత సాయంత్రం వేళ కొట్టడం మేలు. ఎకరానికి రెండు తేనెటీగల పెట్టెలు వుంచడం లాభదాయకం. ఈగలు తక్కువగా వున్నచోట ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య, రోజు విడిచి రోజు, పువ్వులను మెత్తని గుడ్డతో మృదువుగా రుద్దాలి. దీనికి కూలి ఖర్చవుతుంది. ఈగలు ఇదే పనిని ఉచితంగా చేస్తాయి.

దేశానికి కావలసిన పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం రష్యా, యుక్రెయిన్, అర్జెంటీనాల నుంచి దిగుమతి అవుతున్నది. 2022లో యుద్ధం మొదలైనపుడు నూనె ధర ఎలా ఎగబాకిందో వినియోగదారులకు తెలిసినదే. ఇక్కడి చేలలో గింజ నిండుగా కట్టడం రైతుకు, మిల్లరుకు, వినియోగదారుకు కూడా లాభమే.