ఉదయగిరి కొండెక్కితే ధ్రువకాంతి కనిపిస్తుందా?

2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనశాల కెమెరాలకు ఎర్రటి ధ్రువకాంతి చిక్కింది. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాలవైపు మళ్ళిస్తుంది. అవి గాలిలోని ఆక్సిజన్‌ను ఢీకొంటే సుమారు 100 కి.మీ. ఎత్తున ఆకుపచ్చ, 200 కి.మీ. పైన ఎరుపు వెలుగు పుడుతుంది. ఎంతో ఉత్తరాన పుట్టిన ఆ వెలుగు పై అంచే హాన్లేకు కనిపించింది.

మన ఉదయగిరి, ఆత్మకూరు అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. అందుకే దుర్గం కొండెక్కినా కనిపించదు. అమెరికా వెళ్ళే మన సీనియర్లు మాత్రం, ఉత్తర ధ్రువానికి దగ్గరగా సాగే రాత్రి విమానంలో కిటికీ పక్కన కూర్చుంటే చూడవచ్చు.

సౌర తుఫానుతో నష్టమూ ఉంది. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్‌లో 9 గంటలు కరెంటు పోయింది. ఆ సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1ను 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. 2022 వరకు అది మన నెల్లూరు జిల్లాలోనిదే! తమ్ముళ్ళూ, ఫిజిక్సు వదలకండి.