మామిడికొమ్మ మీద బదనిక: తీయవలసినదేది, ఉంచవలసినదేది?



ఈవేళ మామిడితోటలోని ఒక సంగతి మనవి చేస్తాను. చెట్టుకొమ్మ మీద మరొక మొక్క మొలిచి పెరగడం మీరందరూ చూచినదే. దానిని బదనిక అంటారు. చెట్టు రసం పీల్చేస్తుంది, కనబడగానే కొట్టివేయమని పెద్దలు చెబుతారు. ఆ మాట సగమే నిజం. మనవాళ్లు బదనిక అన్న ఒక్క పేరుతో రెండు వేరువేరు మొక్కలను పిలుస్తున్నారు. ఒకటి దొంగ. రెండవది చెట్టు మీద కాస్త చోటు తప్ప మరేమీ అడగనిది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తేడా నాకూ తెలియదు. ఒక రైతుగారి ముసలి మామిడిచెట్టు మీద ఉన్నవన్నీ దగ్గరుండి కొట్టించాను. ఆయన భార్య వచ్చి, "అవి పూస్తే వాకిలంతా వాసనొచ్చేది బాబూ, ఎందుకు తీయించారు?" అని అడిగింది. డిప్లొమా చదివినవాణ్ణి గదా, "చెట్టుకు చేటమ్మా" అని గట్టిగా చెప్పి వచ్చాను. నేను చెప్పినది తప్పు.

దొంగ బదనికను ఇలా గుర్తుపట్టండి. అది కొమ్మకు అంటుకున్న చోట బొడిపెలా ఉబ్బి ఉంటుంది. దాని వేరు బెరడును చీల్చుకొని కొయ్యలోకి దిగి నీరు, లవణాలు లాగుతుంది. అందుచేత అక్కడి నుంచి కొమ్మ చివర ఎండిపోతూ వస్తుంది. ఆకులు దళసరి, పువ్వులు సన్నని గొట్టాల్లా ఉంటాయి. పండులోని గింజకు జిగురుంటుంది. పిట్టలు దానిని కొమ్మ నుంచి కొమ్మకు చేరుస్తాయి. కాయ పండకముందే, అంటుకున్న చోటికి బాగా దిగువగా కొమ్మను కోసివేయాలి. పైపైన విరిచివేస్తే మళ్లీ చిగురిస్తుంది.

రెండవది ఆర్కిడ్ జాతిది. మన వైపు తరచుగా కనిపించేది వండా. ఆకులు పట్టీల్లా పొడుగ్గా, రెండు వరుసలుగా, మధ్యకు మడిచినట్లుంటాయి. వేళ్లు తెల్లగా, లావుగా బెరడు మీద పాకుతాయి గాని లోపలికి దిగవు. వాటి మీది మెత్తని పొర వాననీటిని, మంచును స్పంజిలాగా పీల్చి ఉంచుకుంటుంది. నీళ్లు చల్లి చూడండి, తెల్లని వేరు పచ్చబడుతుంది. దీని వల్ల చెట్టు ఎండదు.

మరి కొట్టివేస్తే మళ్లీ మొలవదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఒక్క కాయలో వేలకొద్దీ గింజలుంటాయి, ధూళిలాగా. కాని మన వడ్లగింజలో ఉన్నట్లు మొలకకు తిండి వాటిలో ఉండదు. బెరడులో ఒక రకం బూజు తోడైతేనే మొలుస్తాయి. అందుచేత వేలల్లో ఏ ఒకటో రెండో బతుకుతాయి. అవీ పూతకు రావడానికి ఏళ్లు పడతాయి.

ఇలాంటి మొక్కలను కాపాడేందుకే కేరళలో తిరువనంతపురానికి దగ్గరగా, పాలోడు వద్ద 1979లో ఒక తోట వెలసింది. నెహ్రూగారి పేరు పెట్టిన ఆ ఉష్ణమండల వృక్షోద్యానం సుమారు 300 ఎకరాలు. అడవులు నరికిన చోట్ల నుంచి, కొండల నుంచి తెచ్చిన నాటు ఆర్కిడ్లను అక్కడ నీడలో పెంచుతారు. గింజలను సీసాల్లో, పంచదార, లవణాలు కలిపిన జిగురు మీద చల్లి మొలిపిస్తారు. బూజు లేకుండానే ఇలా మొలిపించవచ్చునని 1922లో అమెరికాలో నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు.

ఆ తోటవారిది ఇంకొక మంచిపని చెప్పాలి. 1987లో వారు అగస్త్య పర్వతాలలో తిరుగుతూ ఉండగా, తోడు వచ్చిన కాణి గిరిజనులు ఏదో చిన్న కాయ నములుతూ అలసట లేకుండా నడిచారట. అది ఆరోగ్యపచ్చ మొక్క. దానితో మందు తయారుచేసి, తయారీ హక్కు ఇచ్చినందుకు వచ్చిన సొమ్ములో సగం కాణివారికే కేటాయించారు. మొక్క గుణం ముందు తెలిసినది వారికే గదా!

మీ తోటలో గాలికి కొమ్మ విరిగి ఆర్కిడ్ కింద పడితే పారవేయకండి. కుళ్లిన వేళ్లు తీసివేసి, పొద్దుటెండ తగిలే మరో చెట్టు గరుకు బెరడుకు కొబ్బరిపీచుతో కట్టండి. మట్టి పెట్టకూడదు, వేళ్లు కుళ్లుతాయి. కొత్త వేరు బెరడును పట్టేదాకా ఎండపూట కాసిని నీళ్లు చిలకరించండి, చాలు. ఆ రైతుగారి చెట్టుకు ఇలాగే రెండు మొక్కలు నేను కట్టించి వచ్చాను, ఒకటి పట్టింది.