చవక జాజ్ బాక్స్ సెట్, బస్టాండు ఘంటసాల ఎంపీ3: సౌండ్ బాగుందో లేదో మనమే ఎలా తేల్చుకోవాలి?

కడపలో జాజ్ వినేవాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, నాకు మాత్రం ఆ పిచ్చి బాగా ఉంది. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్క ఆల్బమ్ ధరకే "8 ఆల్బమ్‌లు, 4 సీడీలు" అంటూ బాక్స్ సెట్‌లు దొరుకుతాయి. మన బస్టాండు అంగళ్లలోనేమో "ఘంటసాల హిట్స్, 200 పాటలు" అని ఒకే డిస్కో, పెన్‌డ్రైవో అమ్ముతారు. రెండింటి గురించీ తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఇంత చవకగా ఇస్తున్నారంటే సౌండ్ చెత్తగా ఉంటుందా అన్నా?"

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ సంగతి ధర చెప్పదు. సౌండ్‌ని ఎక్కడి నుంచి తీశారు, తీశాక దాన్ని ఏం చేశారు అనే రెండు విషయాలే చెప్తాయి. ఒక ఫోను, వైరున్న ఇయర్‌ఫోన్లు, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ రెండూ ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

అంత చవక ఎందుకు?

యూరప్‌లో 1962 చివరి వరకు విడుదలైన రికార్డింగులపై హక్కులు 50 ఏళ్లకే తీరిపోయాయి. 2013 నవంబరు నుంచి ఆ గడువును 70 ఏళ్లకు పెంచారు గానీ, అప్పటికే తీరిపోయినవాటికి అది వర్తించలేదు. గొప్ప జాజ్ ఆల్బమ్‌లు బోలెడు 1950లలో, 60ల మొదట్లో వచ్చినవే. అందుకే అక్కడ ఏ కంపెనీ అయినా ఆ రికార్డింగులను సీడీలుగా వేసి అమ్ముకోవచ్చు. దొంగ సరుకు కాదు, చట్టప్రకారం సక్రమమే.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. హక్కు తీరినంత మాత్రాన ఒరిజినల్ మాస్టర్ టేపు చేతికి రాదు. అది పాత కంపెనీ దగ్గరే ఉంటుంది. చవక కంపెనీ పాత ఎల్పీ నుంచో, ఇంతకుముందు వచ్చిన సీడీ నుంచో సౌండ్ తీసుకోవాలి. మంచి ఎల్పీని మంచి టర్న్‌టేబుల్ మీద శ్రద్ధగా ఎక్కిస్తే వినడానికి హాయిగా ఉంటుంది. అడ్డదిడ్డంగా చేస్తే తెలిసిపోతుంది. కవర్ మీద "డిజిటల్లీ రీమాస్టర్డ్" అని ఉందని సంబరపడొద్దు, ఆ ముక్క ఎవరైనా వేసుకోవచ్చు. "ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి" అని స్పష్టంగా రాసి ఉంటేనే దానికి విలువ.

మన దేశంలో రికార్డింగుపై హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' 1951 నాటిది. ఆ రికార్డింగుల గడువు ఎప్పుడో అయిపోయింది. అయితే పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో కన్నుమూశారు. రచయితకు హక్కు మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే సాహిత్యంపై హక్కు 2040 చివరి వరకు ఉంటుంది. రికార్డింగ్ ఫ్రీ అయినా పాట ఫ్రీ కాదు. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కొనేముందు ఒక చిన్న లెక్క

డిస్క్‌లో పట్టేది దాదాపు 700 ఎంబీ. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ తింటుంది. అంటే మూడున్నర నిమిషాల పాటలు 200 పడతాయి. అదే 320 కేబీపీఎస్ అయితే 80 దాటి కాస్త పడతాయి, అంతే. కాబట్టి ఒకే డిస్క్ మీద "200 పాటలు, 320 కేబీపీఎస్" అని రాసి ఉంటే విప్పకుండానే పక్కన పెట్టేయొచ్చు.

జాజ్ సెట్‌కి వేరే లెక్క. ఎల్పీ దాదాపు 40 నిమిషాలు, సీడీ 80 నిమిషాల లోపు. అందుకే సీడీకి రెండు ఆల్బమ్‌లు ఎక్కిస్తారు. అవి కాస్త పొడుగైతే ఒక ఆల్బమ్ సగంలో తెగి రెండో సీడీలోకి పోతుంది, లేదా ఒక ట్రాక్ ఎగిరిపోతుంది. పాటల జాబితా చూశాకే ఆర్డర్ పెట్టండి. విదేశం నుంచి తెప్పిస్తుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపాక కూడా చవకేనా అన్నది చూసుకోండి.

నేను చేసే 5 టెస్టులు

1. వాల్యూమ్ సమానం చేయడం. పోల్చేటప్పుడు ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు మన చెవి మోసపోతుంది. ముందు రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చుకోండి. బ్లూటూత్ పక్కన పెట్టి వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి. ఫ్యాన్ ఆపాలి. మే నెలలో కడపలో ఇది శిక్షే, అందుకే నేను తెల్లవారుజామున 5 గంటలకు వింటాను.

2. స్పెక్‌లో చూడడం. కంప్యూటర్‌లో ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఫైల్ లాగితే సౌండ్ బొమ్మ కనిపిస్తుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. జాజ్ సీడీ నుంచి తీసిన ఫైల్ కూడా అలాగే ఆగిందంటే, ఎంపీ3నే మళ్లీ సీడీగా చేశారని గట్టి అనుమానం.

3. మోనో టెస్ట్. స్టీరియో ఎల్పీలు మార్కెట్‌లోకి వచ్చింది 1958లో. అంతకుముందు మోనోలో వచ్చినదాన్ని "స్టీరియో" అని అమ్ముతుంటే అనుమానించాలి. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేసి, ఆఫ్ చేసి వినండి. అసలు మోనో అయితే తేడా రాదు. దొంగ స్టీరియో అయితే గొంతు రంగు మారినట్టో, పలచబడినట్టో వినిపిస్తుంది.

4. శృతి టెస్ట్. ఇది నాకు బాగా ఇష్టం. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో వచ్చింది. మొదటి సెషన్‌లో మాస్టర్ టేపు మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దానివల్ల ఎల్పీ మొదటి వైపున్న మూడు ట్రాక్‌లు అసలుకంటే కొంచెం వేగంగా, శృతి పైకి జరిగి వినిపిస్తాయి. 1992 రీఇష్యూలో దీన్ని సరిచేశారు. మీ చవక సెట్‌లోని 'సో వాట్'ని ఇప్పటి అధికారిక వెర్షన్‌తో ట్యూనర్ యాప్‌లో పోల్చండి. శృతి పైకి ఉంటే అది పాత ఎల్పీ నుంచో, 1992కు ముందటి సీడీ నుంచో వచ్చిందన్నమాట.

5. నిశ్శబ్దం టెస్ట్. పాట చివర్లో తంబూరానో, పియానోనో మెల్లగా కరిగిపోయే చోట వినండి. వెనకాల సన్నటి హిస్ చివరిదాకా ఉంటే మంచిదే. గాయకుడు ఊపిరి తీసుకునే చోట హిస్ ఠక్కున మాయమై, పాడగానే తిరిగొస్తే నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ చేశారని లెక్క.

ఏది గెలిచింది?

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర పాత సామాన్ల కొట్టులో దొరికిన పాటల డిస్కును, ఒక 4 సీడీల జాజ్ సెట్‌ను, అధికారిక స్ట్రీమింగ్‌తో కలిపి పోల్చాను. జాజ్ సెట్ నాలుగు టెస్టులు దాటి, శృతి టెస్ట్‌లో దొరికిపోయింది. అయినా సింబల్స్ మెరుపు, బేస్ బరువు బాగున్నాయి. పెట్టిన డబ్బుకి న్యాయమే. పాటల డిస్క్ రెండో టెస్ట్‌లోనూ, ఐదో టెస్ట్‌లోనూ పడిపోయింది.

ఇందులో అసలు నష్టం ఐదో టెస్ట్‌దే. పాత సినిమా పాటలు వచ్చిన 78 ఆర్పీఎం రికార్డుల్లో 10 కిలోహెర్ట్జ్ పైన ఉండేది చాలావరకు రొదే. కాబట్టి 16 దగ్గర కోత పడినా ఘంటసాలకు పెద్దగా పోయేదేమీ లేదు. హిస్ తీసేయాలని లోపలికి చెయ్యి పెట్టినప్పుడే గొంతులో గాలి, వీణ మీటు చివరి మెరుపు కూడా ఊడ్చుకుపోతాయి. ఒకసారి ఫైల్‌లోంచి పోయింది ఏ యాప్‌తోనూ తిరిగి రాదు. అలాంటి ఫైళ్లకు "24 బిట్, హైరెస్" అని పేరు పెట్టి అమ్మినా అంతే సంగతి.

మీ ఇంట్లో రికార్డులుంటే

మన సీమలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే మిద్దె కింది అటక పొయ్యి లాంటిదే. అక్కడ పడుకోబెట్టిన ఎల్పీలు వంకరపోతాయి. కిందికి దించి, దుమ్ము తుడిచి, నిలబెట్టి పెట్టండి. 78 రికార్డును ఎల్పీ సూదితో ఎక్కించొద్దు. దాని గాడి వెడల్పు, దానికి వేరే సూది ఉంటుంది. ఎక్కించాక ఏమీ శుభ్రం చేయని కాపీ ఒకటి ఫ్లాక్‌లో దాచండి. శుభ్రం చేయాలనిపిస్తే ఇంకో కాపీ మీద చేసుకోండి.

కొనేవాళ్లకు నా మాట ఇదీ: చవక బాక్స్ సెట్ నిశ్చింతగా కొనండి, కానీ పాటల జాబితా, మూలం చూసి కొనండి. హిస్ ఉన్న కాపీ, అతిగా కడిగిన కాపీ రెండూ దొరికితే, కళ్లు మూసుకుని హిస్ ఉన్నదే తీసుకోండి.