గల్ఫ్ వలసల అధ్యయనం – వెళ్ళినవారి లెక్క

ఉపోద్ఘాతం:
జీవనోపాధి కోసం ఒక దేశం నుండి మరొక దేశానికి వెళ్ళి నివసించడం అంతర్జాతీయ వలస. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో నిర్మాణపు పనులు విస్తరించాయి. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి కార్మికులు ఆ దేశాలకు వెళ్ళడం క్రమంగా పెరిగింది. ఈ వలసల సామాజిక ప్రభావాలను పరిశీలించాలంటే ముందుగా ఎవరు వెళ్ళారో తెలియాలి. ఆ సమాచారం ఎక్కడ లభిస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అధికారిక లెక్కల పరిమితి:
జనగణన దేశంలో ఉన్నవారి జన్మస్థలాన్ని, పూర్వనివాసాన్ని నమోదు చేస్తుంది. అందువల్ల వచ్చినవారు తెలుస్తారు గాని వెళ్ళినవారు తెలియరు. 1983 నాటి వలసల చట్టం కింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కార్మికులు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ అనుమతుల సంఖ్యనే వలసల సంఖ్యగా తీసుకుంటే, పదవ తరగతి ఉత్తీర్ణులూ, విజిట్ వీసాపై వెళ్ళి పనిలో చేరినవారూ లెక్కకు అందరు. ఈ లోపం కుటుంబాలపైనే పడుతుంది. అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు అందుతాయి. అనుమతి లేకుండా వెళ్ళిన కార్మికుని కుటుంబానికి ఆ రక్షణ ఉండదు.

ఇంటిని అడిగే పద్ధతి:
తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో కేరళ వలసల సర్వేను ప్రారంభించింది. ఎంపిక చేసిన ఇళ్ళకు వెళ్ళి, ఆ ఇంటి నుండి విదేశాలకు వెళ్ళినవారినీ తిరిగివచ్చినవారినీ నమోదు చేయడం ఇందులోని పద్ధతి. వీసా ఏదైనా, వెళ్ళిన మనిషి ఇంటివారి జవాబులో కనిపిస్తాడు. ఏజెంటుకు చెల్లించడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ, భర్త లేని కాలంలో వ్యవసాయమూ వృద్ధుల సంరక్షణా ఎవరిపై పడ్డాయన్నదీ ఆ ఇంటనే తెలుస్తాయి. అప్పు తీరకముందే కార్మికుడు తిరిగివస్తే, అతడు పంపిన సొమ్ము దేశానికి ఆదాయంగా నమోదైనా, ఆ ఇంటికి మిగిలేది నష్టమే. అయితే కుటుంబమంతా వెళ్ళిపోయిన చోట జవాబు చెప్పేవారుండరు. గల్ఫ్ కార్మికులు ఎక్కువగా ఒంటరిగానే వెళతారు కనుక వారి విషయంలో ఈ ఇబ్బంది తక్కువ.

ముగింపు:
తెలంగాణ గ్రామాలలో వలసలను అధ్యయనం చేసే పరిశోధకులు అనుమతుల పట్టికతో పాటు ఇంటి అప్పుల లెక్కనూ పరిశీలించాలి. వట్టి చేతులతో తిరిగివచ్చినవారి అనుభవాన్ని కూడా నమోదు చేసినప్పుడే వలసల సామాజిక ప్రభావం సమగ్రంగా అర్థమవుతుంది.