కాలిన గాయానికి మొదటి మందు నీళ్లే: పొలం పనుల్లో ప్రథమ చికిత్స

సంక్రాంతి దాటేసరికి ఒకవైపు బెల్లం వంట, మరోవైపు పసుపు కొమ్ములు ఉడకబెట్టే పని జోరుగా సాగుతుంటాయి. విత్తనాలు, ఎరువుల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఈసారి ఆ పొయ్యిల దగ్గర పనిచేసే మీ చేతుల గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో పాకం అచ్చుల్లో పోస్తుండగా ఒక రైతు ముంజేతి మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్లు కంగారులో ఒకరు టూత్‌పేస్టు పూశారు, ఇంకొకరు సిరా పోశారు. నీళ్ల తొట్టి పది అడుగుల దూరంలోనే ఉంది. నేను వెళ్లేసరికి గంట దాటింది. ఇప్పుడు నీళ్లు పోసి ఏం లాభమని నేనూ ఊరుకున్నాను. అది నా పొరపాటు. కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు పోసినా నీళ్లు మేలు చేస్తాయని తర్వాత తెలుసుకున్నాను. ఆ రైతు రెండు నెలలు పని చేయలేకపోయాడు.

నీళ్లు ఎందుకు?

పొయ్యి మీద నుంచి దించిన అన్నం కుండ కాసేపు ఉడుకుతూనే ఉంటుంది కదా. కాలిన చర్మమూ అంతే. నిప్పు దూరమైనా లోపలి వేడి ఇంకా కిందికి దిగుతూ గాయాన్ని లోతు చేస్తుంది. ఆ వేడిని లాగేసేది చల్లని నీళ్లే. అచ్చుల్లో పోసే పాకం వేడి సుమారు 118 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, అంటే మరిగే నీళ్ల కంటే ఎక్కువ. పైగా చర్మానికి అంటుకుంటుంది. దాన్ని పీకకండి, దాని మీదే నీళ్లు పోయండి.

వెంటనే చేయాల్సినవి

1. మంట నుంచి మనిషిని దూరంగా తీసుకెళ్లండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి, కంబళి కప్పండి. నైలాన్, పాలిస్టర్ బట్ట వాడవద్దు.
2. గాయం మీద 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. కొళాయి లేకపోతే చెంబుతో పోయండి. ఎండలో ఉన్న పైపులో మొదట వచ్చేవి వేడి నీళ్లు, వాటిని వదిలేశాకే వాడండి. మోటారు ధారను నేరుగా గాయం మీద పెట్టవద్దు.
3. నీళ్లు పోస్తూనే ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయండి. వాపు వచ్చాక అవి రావు. అంటుకుపోయిన బట్టను లాగవద్దు, చుట్టూ కత్తిరించండి.
4. తర్వాత ఉతికిన నూలు బట్టను వదులుగా కప్పండి. మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. ముఖ్యంగా చిన్నపిల్లలకు చలి పట్టకూడదు.

చేయకూడనివి

టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె, పేడ, గుడ్డు సొన ఏదీ పూయవద్దు. అవి వేడిని లోపలే ఆపుతాయి, చీము పట్టేలా చేస్తాయి, గాయం ఎంత లోతో డాక్టరుకు కనపడకుండా చేస్తాయి. ఐసు పెడితే చర్మం మరింత దెబ్బతింటుంది. బొబ్బలు చిదమకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

సున్నం, యాసిడ్, కరెంటు

బోర్డో మిశ్రమానికి వాడే పొడి సున్నం ఒంటి మీద పడితే ముందు పొడి బట్టతో దులిపి, ఆ తర్వాత నీళ్లు ధారాళంగా పోయండి. డ్రిప్పు పైపులు కడిగే యాసిడ్ పడితే తడిసిన బట్టలు తీసేస్తూ వెంటనే నీళ్లు పోయండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి కనీసం 20 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

కరెంటు తగిలిన మనిషిని సరఫరా ఆపకముందు ముట్టుకోవద్దు. తెగిపడిన తీగ దగ్గరకు వెళ్లకుండా 1912కు ఫోన్ చేయండి. కరెంటు గాయం పైకి చిన్నగా కనిపించినా లోపల పెద్దది కావచ్చు. అందుకే ప్రతి ఒక్కరినీ ఆసుపత్రిలో చూపించాలి.

ఆసుపత్రికి ఎప్పుడు?

గాయం బాధితుడి అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల మీద ఉన్నా, చర్మం తెల్లగా లేదా నల్లగా మారి నొప్పి తెలియకపోయినా, పొగ పీల్చి ఆయాసపడుతున్నా, చిన్నపిల్లలైనా, ముసలివారైనా 108కు ఫోన్ చేయండి. బండి కోసం ఎదురుచూస్తూ, 20 నిమిషాలు పూర్తయ్యేదాకా నీళ్లు పోయడం ఆపవద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.

పొయ్యి రాజేసే ముందు

పెనం పక్కన నిండు నీళ్ల డ్రమ్ము, చెంబు, ఉతికిన పంచె ఒకటి ఉంచండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. కూలికి వచ్చినవారందరికీ ఒక్క మాట చెప్పండి: “కాలితే ముందు నీళ్లు, 20 నిమిషాలు.” ఖర్చు లేని ఈ మందు ఒక సీజను పనిని, ఒక్కోసారి ఒక చేతినే కాపాడుతుంది.