అద్దె వాహనములో గాయపడినవారికి పరిహారము

పూర్వము జట్కాబండి నెక్కు ప్రయాణికుడు బండివానిని పేరుతో ఎరిగియుండెడివాడు. బండి ఎవరిదో, కీడు మూడినచో ఎవరి గుమ్మము తట్టవలెనో ఊరిలో అందరికిని తెలిసియుండెను. నేడు హైదరాబాదులోగాని, విజయవాడలోగాని, విశాఖపట్టణములోగాని సెల్‌ఫోనుపై రెండుమారులు వ్రేలు తాకించినంతనే కారో, ఆటోయో, మోటారు సైకిలో వాకిట వచ్చి నిలుచును. వాహనము ఒకరిది, నడుపువాడు మరియొకడు, దానిని పిలిపించిన సంస్థ వేరొకటి, బీమా ఇచ్చిన కంపెనీ ఇంకొకటి. ప్రయాణము సుఖముగా సాగినంతవరకు ఈ నలుగురి సంగతి మనకు పట్టదు. దారిలో ప్రమాదము జరిగి కాలు విరిగిననాడు మాత్రము పరిహారము ఎవరు ఈయవలెనను ప్రశ్న పుట్టును. ఆనాడు నలుగురును ఒకరినొకరు చూపుచుందురు.

ఈ ప్రశ్నకు మన చట్టములో సమాధానము కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బీమా లేని వాహనమును బహిరంగ స్థలమున నడుపరాదు. ఈ నిర్బంధ బీమా ఆ వాహనమువలన దెబ్బతిన్న ఇతరుల రక్షణకై ఏర్పడినది. ట్యాక్సీ, ఆటో మున్నగు రవాణా వాహనములలో కూర్చున్న ప్రయాణికులును ఈ రక్షణకు అర్హులని 147వ సెక్షను చెప్పుచున్నది. కనుక గాయపడినవారు మొట్టమొదట వెదకవలసినది ఆ వాహనము యొక్క బీమా పత్రమును. సెల్‌ఫోను తెరపై కనబడు సంస్థ పేరు దాని తరువాతిది.

అట్లయిన ఆ సంస్థకు బాధ్యతయే లేదా యని శ్రోతలు అడుగవచ్చును. 2019 నాటి సవరణ ఇట్టి సంస్థలకు ‘అగ్రిగేటరు’ అను పేరిడి, లైసెన్సు పొందవలెనని నిర్ణయించినది. ప్రయాణికునికిని డ్రైవరునకును పొత్తు కుదుర్చుట మాత్రమే తమ పని యని ఈ సంస్థలు సాధారణముగా తమ షరతులలో వ్రాసికొనును. ప్రమాదమునకు సంస్థ యజమానివలె బాధ్యత వహింపవలెనా యనునది ఆయా వ్యవహారము యొక్క వాస్తవములనుబట్టి తేలవలసిన విషయము. దానిని ప్రతివాదిగా చేర్చుటనుగూర్చి న్యాయవాదితో ఆలోచింపవలెను. కాని ఒక సంగతి మరువరాదు. ప్రయాణము ఏ గంటకు మొదలైనది, ఏ వాహనము వచ్చినది, నడిపినవారెవరు అను సమాచారమంతయు ఆ సంస్థ యొద్ద నుండును. ఆ రసీదును, ప్రయాణ వివరములను వెంటనే భద్రపరచుకొనుట మన పని.

ఇక వాహనము యొక్క నంబరు ప్లేటు సంగతి. పసుపు ప్లేటుపై నల్లని అక్షరములున్నచో అది అద్దెకు తిరుగుటకు రిజిస్టరైన వాహనము. తెల్లని ప్లేటుపై నల్లని అక్షరములున్నచో అది సొంతవాడుకకు ఉద్దేశింపబడినది. విద్యుత్తుతో నడుచు వాహనములకు ప్లేటు ఆకుపచ్చగా నుండును. అద్దెవాటికి పసుపు అక్షరములు, సొంతవాటికి తెల్లని అక్షరములు వేయుదురు. ఇది రంగుల ముచ్చట కాదు. అద్దెకు తిప్పు పర్మిటు లేని వాహనమును అద్దెకు తిప్పినచో, ఆ కారణము చూపి తన బాధ్యతను కాదనుటకు బీమా కంపెనీకి చట్టము అవకాశమిచ్చుచున్నది. లైసెన్సు, పర్మిటు లోపములున్న సందర్భములలో కంపెనీయే ముందుగా బాధితునికి చెల్లించి, పిమ్మట యజమాని యొద్ద రాబట్టుకొనవలెనని న్యాయస్థానములు పలుమారులు ఆదేశించిన మాట నిజమే. అయినను ఆ ఆదేశము పొందువరకు జరుగు వాదోపవాదముల భారము గాయపడినవారిపైననే పడును.

మోటారు సైకిలుపై వెనుక కూర్చుండి పోవువారు ఈ విషయమున మరింత జాగరూకులు కావలెను. నిర్బంధ బీమా మాత్రమే గల సొంత మోటారు సైకిలుపై ఉచితముగా వెనుక కూర్చున్న వ్యక్తికి ఆ బీమా వర్తింపదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. సమగ్ర బీమా యున్నచో వెనుక కూర్చున్నవారికిని రక్షణ కలదు. తెల్లని ప్లేటు గల మోటారు సైకిలును అద్దెకు తిప్పునప్పుడు దానికి ఎట్టి బీమా యున్నదో ప్రయాణికునికి తెలియదు. ఎక్కుటకు ముందు ప్లేటును చూచుటకు ఒక్క నిమిషమైనను పట్టదు.

ప్రమాదము జరిగినంతనే చేయవలసిన మొదటి పని వైద్యము. గాయము తగిలిన తరువాతి మొదటి గంటలో అందు చికిత్స ప్రాణమును నిలుపగలదని చట్టమే గుర్తించినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి నిర్ణీత ఆసుపత్రులలో ప్రమాద దినము మొదలు 7 దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, రొక్కము చెల్లింపనక్కరలేని చికిత్స లభించును. దారిన పోవుచు సాయపడిన సజ్జనులపై సివిలు, క్రిమినలు బాధ్యత మోపరాదని 134ఏ సెక్షను శాసించుచున్నది. వారు ఇష్టపడినగాని తమ పేరు చెప్పనక్కరలేదు. ఈ మాట పదిమందికి తెలిసినచో రోడ్డుపై పడియున్నవారిని చూచి తప్పించుకొని పోవువారు తగ్గుదురు.

రెండవది పోలీసు నివేదిక. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న నియమముల ప్రకారము పోలీసువారు ప్రమాదపు తొలి నివేదికను 48 గంటలలో ట్రిబ్యునలునకు పంపవలెను. 50 దినములలో మధ్యంతర నివేదికను, 90 దినములలో సమగ్ర నివేదికను సమర్పింపవలెను. వాహనము, డ్రైవరు, యజమాని, బీమా వివరములన్నియు అందులో చేరును. “చిన్న దెబ్బయే కదా, కేసు ఎందుకు?” అని డ్రైవరుగాని, తోడి ప్రయాణికులుగాని చెప్పు మాటకు లోబడి ఊరకుండుట చాల ఇండ్లలో జరుగుచున్నది. నెల దినముల తరువాత నడుము వంగనప్పుడు ఆ ప్రమాదము జరిగినదని చూపుటకు కాగితము ఒక్కటియు మిగులదు.

పరిహారమునకై మోటారు ప్రమాదముల క్లెయిముల ట్రిబ్యునలునందు దరఖాస్తు చేయవలెను. ప్రమాదము జరిగిన చోట మాత్రమే దావా వేయవలెనను నియమము లేదు. గాయపడినవారు నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనైనను వేయవచ్చును. హైదరాబాదులో గాయపడిన గుంటూరు నివాసి గుంటూరులోనే దావా నడుపుకొనవచ్చును. ప్రమాదము జరిగిన 6 నెలలలోగా దరఖాస్తు వేయవలెనను నిబంధన 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని చెల్లుబాటు సుప్రీంకోర్టులో వివాదమునకు వచ్చి, కాలము మించినదను కారణముతో దరఖాస్తులను కొట్టివేయరాదని 2025 నవంబరులో ఆ కోర్టు మధ్యంతరముగా ఆదేశించినది. అయినను ఆరు నెలలలోగా వేసినవారికి ఈ చిక్కే యుండదు.

రెండు వాహనములు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదో తేలువరకు ప్రయాణికుడు ఎదురుచూడవలెనా? అవసరము లేదు. ఇద్దరు డ్రైవర్ల అజాగ్రత్తవలన గాయపడినవారు మొత్తము పరిహారమును ఇద్దరిలో ఏ ఒకరి పక్షమునుండియైనను రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2015లో స్పష్టపరచినది. వారి వాటాలు వారు తరువాత తేల్చుకొందురు.

పరిహారము ఎంత యను విషయములోనే సామాన్య కుటుంబములు ఎక్కువగా మోసపోవుచున్నవి. చట్టములో రెండు మార్గములున్నవి. 164వ సెక్షను క్రింద తప్పు ఎవరిదని నిరూపింపకయే మరణమునకు 5,00,000 రూపాయలు, తీవ్ర గాయమునకు 2,50,000 రూపాయలు లభించును. 166వ సెక్షను క్రింద డ్రైవరు అజాగ్రత్తను నిరూపించి, జరిగిన నష్టమునకు తగిన న్యాయమైన పరిహారమును కోరవచ్చును. మొదటి మార్గము సుళువైనది. కాని బీమా కంపెనీతో ఒప్పుదల పద్ధతిని 164వ సెక్షను క్రింది మొత్తమును స్వీకరించినచో ట్రిబ్యునలులోని దావా రద్దగునని చట్టమునందే వ్రాసియున్నది. ఈ ఒక్క వాక్యము తెలియక సంతకము చేసినవారు పొందదగినదానిలో అధిక భాగమును కోల్పోవచ్చును.

ఒక ఉదాహరణమును ఊహించి చూతము. కుట్టుపనితో నెలకు 15,000 రూపాయలు గడించు 38 ఏండ్ల గృహిణికి ఆటో ప్రమాదములో కాలు దెబ్బతిన్నది. మిషను తొక్కలేకపోవుటచేత ఆమె సంపాదనశక్తి 40 శాతము తగ్గినదని తేలినదనుకొందము. ఏడాది ఆదాయము 1,80,000. సొంతపని చేసికొను 40 ఏండ్లలోపువారికి భవిష్యత్తులో పెరుగు ఆదాయము క్రింద 40 శాతము కలుపవలెనని 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పునుబట్టి, అది 2,52,000 అగును. అందులో 40 శాతము 1,00,800. 36 మొదలు 40 ఏండ్లవారికి 2009 నాటి తీర్పు నిర్ణయించిన గుణకము 15. కనుక సంపాదన నష్టమే 15,12,000 రూపాయలు. వైద్యపు ఖర్చు, తోడున్నవారి ఖర్చు, అనుభవించిన బాధకు పరిహారము దీనికి అదనము. ఆసుపత్రి మంచము ప్రక్కన నిలిచి రెండున్నర లక్షలకు సంతకము పెట్టించుకొనుటకును దీనికిని గల వ్యత్యాసమును శ్రోతలే గ్రహింపగలరు.

ఇందు మరియొక మెళకువ కలదు. అవయవమునకు కలిగిన వైకల్యము వేరు, సంపాదనకు కలిగిన నష్టము వేరు అని 2010లో సుప్రీంకోర్టు వివరించినది. అదే కాలి గాయము బల్ల యొద్ద కూర్చుండి వ్రాసికొను గుమాస్తాకు అంత నష్టము కలిగింపకపోవచ్చును. కాబట్టి మన పని ఎట్టిదో, దానికి ఏ అవయవము అవసరమో ట్రిబ్యునలునకు సాక్ష్యముతో చెప్పవలెను. ఆదాయపు లెక్క, పనివారి సాక్ష్యము, వైద్య మండలి ఇచ్చు వైకల్య పత్రము ఇందుకు ఉపకరించును.

సంధి చేసికొనుట తప్పని మేము చెప్పబోము. లోక్ అదాలతులో మోటారు వ్యవహారములు వేగముగా పరిష్కారమగుచున్నవి. అయితే అక్కడి పరిష్కారముపై అప్పీలు లేదు. చికిత్స ముగిసి, వైకల్యమెంతో తేలకముందే రాజీకి ఒప్పుకొనినచో, రేపు మరల శస్త్రచికిత్స కావలసివచ్చినప్పుడు దాని ఖర్చు మన నెత్తిననే పడును. న్యాయవాదిని పెట్టుకొను శక్తి లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయము నొసగును. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకయే దీనికి అర్హులు. ఆసుపత్రి వరండాలలో తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొను మధ్యవర్తుల చేతిలో పడుటకంటె ఈ సంస్థ గుమ్మము తొక్కుట శ్రేయస్కరము.

వాహనము నడుపువారి ఇండ్లలోనూ ఈ ప్రసంగమును వినువారుందురు. ప్రయాణికుని కాపాడు బీమా సొంత వాహనమును నడుపుకొను యజమాని గాయములకు వర్తింపదు. అతనికి 15,00,000 రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా కలదు. అది తన పేరున నున్నదో లేదో పాలసీలో చూచుకొనవలెను.

కుటుంబములో ఒకరు మంచము పట్టినప్పుడు కాగితములపై ధ్యాస నిలుచుట కష్టము. అందుచే ఆ పనిని ఇంటిలో వేరొకరు మొదటి దినమే చేపట్టవలెను. వాహనపు నంబరు, ప్లేటు కనబడునట్లు తీసిన ఛాయాచిత్రము, ప్రయాణపు రసీదు, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రిలో చేరిన దినపు చీటీ, మందుల బిల్లులు, చూచినవారి పేర్లు — వీనినన్నిటిని ఒక్క సంచిలో వేసి భద్రపరచినచో చాలును. పరిహారపు హక్కును చట్టము ఇచ్చినది. దానిని ట్రిబ్యునలులో నిలుపునది ఆ సంచియే.